వేడి కొనేవాళ్లు లేని ఊరు

స్వీడన్‌లో నేను పనిచేసే ప్లాంటు కట్టె కాల్చి నడుస్తుంది. కానీ అది ప్రధానంగా అమ్మేది కరెంటు కాదు, పైపుల్లో వేడినీళ్లుగా ఇళ్లకు పంపే వేడి. ఈ మాట హైదరాబాద్‌లో ఎవరికి చెప్పినా ఒక పట్టాన ఎక్కదు. సెలవుకి వచ్చిన ప్రతిసారీ అల్వాల్‌లో మా మేనమామ ఇంట్లో ఇదే పంచాయితీ. ఆయన కరెంటు డిపార్ట్‌మెంటులో ఇంజినీరుగా చేసి రిటైరయ్యాడు. "కట్టెలు కాల్చనీకి గంత దూరం పోవాల్నా అల్లుడూ? మా అమ్మ పొయ్యి ముందు కూసొని అదే పని చేసింది" అంటాడు.

నా డ్యూటీ ఫ్యూయెల్ యార్డులో. అడవిలో చెట్టు కొట్టాక మిగిలిన కొమ్మలు, రెమ్మలు, సా మిల్లుల్లోని బెరడు, రంపపు పొట్టు లారీల్లో వస్తాయి. లారీ కాటా ఎక్కాక లోడులోంచి నమూనా తీస్తాం. ట్రేలో పోసి తూచి, 105 డిగ్రీల ఓవెన్‌లో రాత్రంతా ఉంచి మళ్లీ తూస్తాం. చాలా లోడుల్లో దాదాపు సగం బరువు నీళ్లదే. అందుకే డబ్బులు టన్నుల లెక్కన కాదు, అందులో ఎంత శక్తి ఉందో చూసి మెగావాట్ అవర్ల లెక్కన కడతారు. ఐకేపీ సెంటర్లో వడ్లకు తేమ చూసినట్టే అనుకోండి. అలా చెప్పాకే మామకు నా ఉద్యోగం మీద కాస్త గౌరవం కలిగింది.

చలికాలం షిఫ్టు మాత్రం నరకం. చీకట్లోనే వెళ్తాం, చీకట్లోనే వస్తాం. తడి చెక్కపేళ్లు గడ్డకట్టి బండరాళ్లలా కన్వేయర్‌కి అడ్డం పడతాయి. ఇంకో పక్క కుప్ప లోపల అది కుళ్లుతూ దానంతటదే వేడెక్కుతుంటుంది. బయట మంచు కురుస్తున్నా కుప్ప మీద ఆవిరి లేస్తుంది. పొడవాటి థర్మామీటర్ గుచ్చి చూస్తూ ఉండాలి. పట్టించుకోకపోతే నిప్పు అంటుకుంటుంది. ఆ టెన్షన్ వేరు.

స్వీడన్ వాళ్లు ఇదంతా పర్యావరణం మీద ప్రేమతోనే మొదలుపెట్టలేదు. వీధుల కింద వేడినీళ్ల పైపులు వేసుకున్న రోజుల్లో బాయిలర్లలో కాల్చింది ఎక్కువగా చమురే. 1970ల్లో చమురు ధర మండేసరికి ఇంధనం మార్చక తప్పలేదు. 1991లో చమురు, బొగ్గు లాంటివాటి మీద కార్బన్ పన్ను వేశాక, వాటితో పోలిస్తే కట్టె ఇంకా చవకైంది. పైపులు అవే, పొయ్యిలోకి వేసేది మారింది. ఇప్పుడు అక్కడ అపార్ట్‌మెంట్లలో పదింటికి తొమ్మిది ఆ పైపుల వేడి మీదే ఉన్నాయి. దేశం వాడే మొత్తం శక్తిలో మూడో వంతుకు పైగా బయోఎనర్జీయే, అంటే కట్టె, చెత్త లాంటివాటి నుంచి తీసిందే.

స్టాక్‌హోమ్‌లో 2016లో ప్రారంభించిన ప్లాంటు లెక్క చూస్తే అసలు కిటుకు తెలుస్తుంది: కరెంటు 130 మెగావాట్లు, వేడి 280 మెగావాట్లు. కరెంటు ఒక్కటే తీస్తే కట్టెలోని శక్తిలో సుమారు మూడో వంతే చేతికొస్తుంది, మిగతాది గాలిపాలు. అక్కడ ఆ మిగతాదాన్ని ఊరు కొనుక్కుంటుంది. చివరికి పొగలోని ఆవిరిని కూడా చల్లబరిచి, దాని వేడిని పైపుల్లోకి లాగుతారు.

"మరి చెట్లు నరుకుతుంటే ఊరుకుంటరా?" అన్నాడు మామ. ఊరుకోరు. స్వీడన్‌లోనే దీని మీద పెద్ద గొడవ ఉంది. కొట్టిన అడవి మళ్లీ పెరగడానికి దశాబ్దాలు పడుతుంది. నన్నడిగితే కొమ్మలూ పొట్టూ కాల్చడం సరే, మంచి దుంగని కాల్చడం దండగ.

ఇక హైదరాబాద్ సంగతి. ఇక్కడ 15 డిగ్రీలకే స్వెటర్లు తీస్తాం, వేడి ఎవడు కొంటాడు? జవహర్‌నగర్‌లో 2020లో చెత్త కాల్చి కరెంటు తీసే 19.8 మెగావాట్ల ప్లాంటు వచ్చింది. కాదనను, కానీ మన చెత్త తడి చెత్త. దాన్ని కాలిస్తే మంటలో చాలా భాగం ఆ నీళ్లను ఆవిరి చేయడానికే పోతుంది. అది నాకు ఓవెన్ ముందు రోజూ కనిపించే సంగతే.

అందుకే నాకు బోయిన్‌పల్లి మార్కెట్ ప్లాంటు నచ్చింది. తార్నాకలోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ టెక్నాలజీ. రోజుకు 10 టన్నుల కుళ్లిన కూరగాయల నుంచి దాదాపు 500 యూనిట్ల కరెంటు, 30 కిలోల గ్యాస్ తీసేలా కట్టారు. టమాటాలో, క్యాబేజీలో తొంభై శాతానికి పైగా నీళ్లే. మంటకు అది పనికిరాదు గానీ బ్యాక్టీరియాకు పండగే, దాన్ని తిని గ్యాస్ వదులుతుంది. "ఐదొందల యూనిట్లా? ఏసీలకే చాలవు" అని మామ పెదవి విరిచాడు. నిజమే. అయినా కరెంటుకి ఇప్పుడు సోలార్ ఉంది. వంటగ్యాస్‌లో మాత్రం సగానికి పైగా దిగుమతే. కాబట్టి ఈ చెత్తని గ్యాస్‌గానే వాడుకోవాలని నా వాదన. 2018లో కేంద్రం సతత్ పథకం కింద 5,000 బయోగ్యాస్ ప్లాంట్లు అంది, ఆ లెక్క దరిదాపుల్లోకి కూడా రాలేదు. ఒక కారణం శుభ్రమైన సరుకు రోజూ దొరకకపోవడం. మార్కెట్లో వచ్చేది కూరగాయలే. ఇళ్ల నుంచి స్వచ్ఛ ఆటో ఎక్కేది పాలప్యాకెట్, డైపర్, సాంబారు కలిసిన ముద్ద.

మామ మొన్న అపార్ట్‌మెంటు అసోసియేషన్ మీటింగులో చిన్న బయోగ్యాస్ డైజెస్టర్, అంటే తడి చెత్తని కుళ్లబెట్టి గ్యాస్ తీసే ట్యాంకు, పెడదామన్నాడు. వాసనొస్తుందని కింద ఫ్లోర్ వాళ్లు, గ్యాస్ అంటే భయమని ఇంకొకాయన, పార్కింగ్ పోతుందని కార్లున్నవాళ్లు అడ్డుపడ్డారు. గంటసేపు అరుచుకుని, తడి చెత్తకి వేరే డబ్బా పెట్టడానికి మాత్రం ఒప్పుకున్నారు.