సోమవారం, బీన్స్ అన్నం

ఆఫీసు పని మీద హ్యూస్టన్ నుంచి న్యూ ఆర్లీన్స్ వచ్చి ఇది రెండో రోజు. పొద్దున్నే ఫ్రెంచ్ క్వార్టర్‌లోని కఫే డు మోండ్‌కి నడిచాను. 1862 నాటి కొట్టు. అక్కడ ఎవరి ముందు చూసినా బెన్యేలే. పులిసిన మైదాపిండిని చదరపు ముక్కలుగా కోసి నూనెలో వేయించి, పైన పంచదార పొడి గుట్టగా పోస్తారు. ప్లేటుకి మూడు. కాఫీ ఒక గుక్క తాగగానే ఆగిపోయాను. మన ఫిల్టర్ కాఫీ పొడిలో కలిపే చికోరీ రుచే! అమెరికా అంతర్యుద్ధం రోజుల్లో ఓడలు ఆగిపోయి కాఫీ గింజలకు కరువొస్తే, చికోరీ కలిపి తాగడం ఇక్కడ బాగా అలవాటైందట. కరువు తీరినా ఆ రుచిని వదల్లేదు.

పక్కనే మెట్లెక్కితే మిసిసిపీ నది. నదిని చూడాలంటే వీధిలోంచి పైకి ఎక్కాలి ఇక్కడ. రాజమండ్రిలో గోదావరి గట్టెక్కినట్టే అనిపించి కాసేపు కూర్చున్నాను. తర్వాత పగలంతా మీటింగులు. రాయడానికేం లేదు.

సాయంత్రం మాత్రం రాసుకోవాలి. ఈ ఊళ్లో సోమవారం అంటే రెడ్ బీన్స్, అన్నం. పూర్వం సోమవారం బట్టలుతికే రోజు. పొయ్యి దగ్గర నిలబడే తీరిక ఉండదు కదా, ఆదివారం వంటలో మిగిలిన పంది మాంసం ఎముక వేసి, రాజ్మా లాంటి ఎర్ర చిక్కుడు గింజల్ని సన్నని సెగ మీద వదిలేసేవారు. ఉల్లిపాయ, సెలెరీ, క్యాప్సికం తప్పనిసరి. ఈ మూడింటినీ కలిపి 'హోలీ ట్రినిటీ' అంటారు. ఉతుకుడు అయ్యేసరికి గింజలు వెన్నలా అయ్యేవి. వాషింగ్ మెషీన్లు వచ్చినా సోమవారం మారలేదు. ఈ ఊళ్లో పుట్టిన జాజ్ సంగీతకారుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ ఉత్తరాల చివర 'రెడ్ బీన్స్ అండ్ రైస్లీ యువర్స్' అని సంతకం పెట్టేవాడు. సంతకంలోకి ఎక్కేంత ఇష్టం!

నేను పంది మాంసం తినను. మొదట వెళ్లిన చోట సాసేజ్ తీసేసి ఇస్తామన్నారు కానీ, గింజలు ఉడికిందే మాంసంతో. అడక్కపోతే చెప్పేవారు కాదు. బాధనిపించింది. రెండో చోట పెద్దావిడ, "నీకు వేరే గిన్నె ఉంది, బేబీ" అంది. ఇక్కడ చిన్నా పెద్దా అందర్నీ బేబీ అనే పిలుస్తారు. మా అమ్మమ్మ వాకిట్లోకి వచ్చిన ప్రతివాణ్ణీ 'నాయనా' అన్నట్టు. సగం మెదిపిన గింజల గుజ్జు, వేడన్నం, పక్కన వేయించిన కోడి ముక్క. కలుపుకుని తిన్నాను, చేత్తోనే. ఎవరూ వింతగా చూడలేదు.

అక్కణ్ణుంచి ఫ్రెంచ్‌మెన్ స్ట్రీట్. పాట కోసం వచ్చేవాళ్లకు బోర్బన్ స్ట్రీట్ కన్నా ఈ వీధే మేలని నా నమ్మకం. బార్లకి వెళ్లేవాళ్లు ఐడీ కార్డు దగ్గర ఉంచుకోవాలి, 21 నిండకపోతే మందు పోయరు. వీధిలో గాజు గ్లాసు పట్టుకోనివ్వరు కానీ ప్లాస్టిక్ కప్పుతో తిరగొచ్చు. నేను సోడాతోనే తిరిగాను. మూలమలుపులో కుర్రాళ్ల బ్రాస్ బ్యాండ్. ట్యూబా అనే పెద్ద ఇత్తడి బూర మోత గుండెలో తగిలింది. ముందు ఒక బకెట్ పెట్టారు. టికెట్ లేదు కదా అని విని వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ. దయచేసి అలా చేయొద్దు. చాలామందికి ఆ బకెట్టే ఆ రాత్రి కూలి. నేను పది డాలర్లు వేశాను.

తొమ్మిదిన్నరకి అమ్మ ఫోన్. అక్కడ మంగళవారం పొద్దున్న ఎనిమిది.

"ఏం తిన్నావురా?"

"అన్నమే అమ్మా. బీన్స్‌తో."

బట్టల రోజు సంగతి చెప్పాను. బోరింగ్ దగ్గర దుప్పట్లు ఉతికే ఆదివారాల్లో తనూ పొయ్యి మీద పప్పు పడేసి వచ్చేదాన్నని గుర్తు చేసుకుంది. నాకు ఆ మాడు వాసన కూడా గుర్తుంది. ఆ వెనక మోతేమిటని అడిగితే ఫోను బ్యాండ్ వైపు తిప్పి పట్టుకున్నాను. పాట అయ్యేదాకా మాట్లాడలేదు. తర్వాత అడిగింది:

"ఆ గింజలు ముందు రాత్రి నానబెడతారా?"

"ఆదివారం రాత్రే నానబెడతారట అమ్మా."