వాన లెక్కలు, వెనక్కి నడిచే లిస్టు

ఆదివారం, అనంతపురం

ఉదయమే కూరగాయలు తెచ్చిపెట్టి, ఎండ ముదరకముందే తలుపులు మూసి, కంప్యూటర్‌లో పైథాన్ (ప్రోగ్రాములు రాసే భాష) ముందు కూర్చున్నాను. మా జిల్లాలో ఏడాదికి కురిసేదే సుమారు 550 మిల్లీమీటర్లు. వేరుశనగ రైతుకు ఆ మొత్తం కన్నా రెండు వానల మధ్య ఎంత ఎడం వచ్చిందన్నదే ముఖ్యం. అందుకే రోజువారీ వాన లెక్కలను ముందుకూ వెనక్కూ నడవగలిగే లింక్డ్ లిస్టుగా రాస్తున్నాను. అంటే ఒక్కో రోజు లెక్క ఒక్కో నోడ్ (గడి); ప్రతి నోడ్ తన పక్కనున్న నోడ్లను లింకులతో చూపిస్తుంది.

మధ్యాహ్నం అన్న కూతురు వచ్చింది. ఇంజనీరింగ్ చదువుతోంది. "చిన్నాన్నా, ఎక్కడిదాకా వచ్చామో లిస్టే గుర్తుపెట్టుకోవచ్చు కదా, ఇటరేటర్‌కు వేరే క్లాసు ఎందుకు?" అని అడిగింది. మంచి ప్రశ్న. లిస్టు వెంట ఒక్కో అడుగు నడిపిస్తూ ఎక్కడిదాకా వచ్చామో గుర్తుంచుకునేదే ఇటరేటర్; దాన్ని నేను వేరే క్లాసుగా, అంటే కోడ్‌లో వేరే అచ్చుగా రాశాను. తను చెప్పినట్టే ఆ గుర్తును లిస్టుకే అప్పగించి, ప్రతి వాననూ మిగతా వానలతో పోల్చేలా ఒక లూపులో (మళ్లీ మళ్లీ తిరిగే కోడ్) మరో లూపు రాసి చూపించాను. లోపలి లూపు చివరిదాకా వెళ్లగానే బయటిదీ ఆగిపోయింది. ఒకే పుస్తకం చదివే ఇద్దరికి గుర్తుకాగితం ఒక్కటే ఉంటే అంతే మరి. పైథాన్ సొంత లిస్టు కూడా లూపు మొదలైన ప్రతిసారీ కొత్త ఇటరేటర్‌నే ఇస్తుంది. 2001లో 2.2 వెర్షన్‌తో వచ్చిన ఈ ఏర్పాటు నాకు ఎంతో ఇష్టం.

అసలు చిక్కు మెమరీది. పైథాన్ ప్రతి వస్తువునూ ఎందరు పట్టుకున్నారో లెక్కపెడుతుంది. లెక్క సున్నా కాగానే వదిలేస్తుంది. కానీ పక్కపక్క నోడ్లు ఒకదాన్నొకటి పట్టుకుంటే ఆ లెక్క ఎప్పటికీ సున్నా కాదు. అలాంటి చక్రాలను వెతికి తుడిచే గార్బేజ్ కలెక్టర్ పైథాన్‌లో 2000 నుంచీ ఉంది, కాకపోతే అది తనకు వీలైనప్పుడే వస్తుంది. నాకు అంత ఎదురుచూపు ఇష్టం లేదు. వెనక్కి చూపే లింకును వీక్ రిఫరెన్స్‌గా, అంటే ఆ లెక్కలోకి రాని పట్టుగా మార్చాను. ఇటరేటర్ చేతిలో లిస్టు కాకుండా, ప్రస్తుత నోడ్ ఒక్కటే ఉంచాను. ఇక లిస్టును వదిలేస్తే, ఇటరేటర్ దాటిన నోడ్లన్నీ అప్పటికప్పుడే పోతున్నాయి; ముందున్నవి మాత్రం భద్రం. మెమరీ వాడకాన్ని చూపే ట్రేస్‌మాలాక్‌లో ఆ అంకెలు తగ్గుతుంటే ఇద్దరం చాలాసేపు చూస్తూ ఉండిపోయాం.

టీ తాగుతూ తనే మరో చిక్కు పట్టుకుంది. "వెనక్కి నడిచేటప్పుడో?" అంది. నిజమే, వెనకవైపు లింకులు బలహీనం కాబట్టి, చివరి నోడ్‌ను మాత్రమే పట్టుకుంటే మిగతా గొలుసంతా మాయమవుతుంది. అందుకని వెనక్కి నడిచే ఇటరేటర్‌కు మొత్తం లిస్టునే అప్పగించాలి. ఆ క్లాసు రాసే పని తనకే ఇచ్చాను.