ఈవెంట్స్ ముందు షిన్ పెయిన్: నా అనుభవం

కానిస్టేబుల్ ఉద్యోగానికి పెట్టే పరుగు, లాంగ్‌జంప్, షాట్‌పుట్ పరీక్షలనే ఈవెంట్స్ అంటాం. 2022 తెలంగాణ కానిస్టేబుల్ నోటిఫికేషన్‌లో అమ్మాయిలు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పరిగెత్తాలి. ఆగస్టు చివర్లో ప్రిలిమ్స్ అయ్యేదాకా పుస్తకాల ముందు నుంచి లేవని మేము, సెప్టెంబర్ నుంచి రోజూ రెండు పూటలా రన్నింగ్ మొదలుపెట్టాం. గ్రౌండ్‌లో జాగా లేకపోతే సిమెంటు రోడ్డు మీదే.

నాకు ముందు పాడైంది కాలు కాదు, టైమింగ్. తగ్గాల్సిన సెకన్లు పెరుగుతూ పోయాయి. రాత్రి నిద్ర పట్టదు, పొద్దున లేస్తే ఒళ్లు బరువు, మెస్‌లో అన్నం సహించదు. మంచం దిగకముందే నాడి చూసుకుంటే మామూలు కంటే వేగం. నెలసరి కూడా తప్పింది. రన్నింగ్ చేయించే సార్‌కి చెబితే "బద్ధకం, ఇంకో రౌండ్ వెయ్యి" అన్నారు.

ఆ తర్వాత షిన్ పెయిన్. మోకాలి కింద ఎముక లోపలి అంచు పొడవునా జానెడు మేర సలుపు. మొదటి రౌండ్‌లో ఉంటుంది, ఒళ్లు వేడెక్కాక పోతుంది, ఆగాక మళ్లీ వస్తుంది. హాస్టల్లో చాలామంది బామ్ రాసి, పట్టీ చుట్టి దిగేవాళ్లు.

పక్క రూము అక్క నొప్పి తీరు వేరు. ఎముక మీద ఒకేచోట, వేలు పెడితే ప్రాణం పోయేది. ఒంటికాలి మీద గెంతలేదు, రాత్రి పడుకున్నా నొప్పే. ఎక్స్‌రేలో ఏమీ లేదని మళ్లీ పరిగెత్తింది. సన్నటి పగులు మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేకి దొరక్కపోవచ్చట. ఎమ్మారైలో బయటపడింది. పాపం, ఆ ఏడు ఈవెంట్స్‌కే రాలేదు.

ఆమెను చూశాకే నేను ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్లాను. ఎముక వెంట వేలితో నొక్కుతూ పోయి, ఒంటికాలి మీద గెంతమన్నారు. గెంతగలిగాను. పగులు కాదు, కానీ ఇలాగే పరిగెత్తితే అదీ అవుతుందన్నారు. హిమోగ్లోబిన్, విటమిన్ డి పరీక్షలు రాశారు. నెలసరి తప్పిందంటే తిండి చాలట్లేదేమో చూడమన్నారు. రన్నింగ్ ముందు నొప్పి మాత్ర వేయొద్దని గట్టిగా చెప్పారు, వేస్తే నొప్పి ఎక్కడ ఆపమంటోందో తెలీదు.

రన్నింగ్ బంద్. సైకిలు, మెట్ల అంచున మడమలు ఎత్తి దించడం, షాట్‌పుట్ మాత్రం ఉన్నాయి. అందరూ పరిగెత్తుతుంటే గట్టున కూర్చోవడం ఎంత కష్టమో! అమ్మ ఫోన్ చేసి "ఉరుకుతున్నవా బిడ్డా?" అంటే, "డాక్టర్ వద్దన్నడమ్మా" అని చెప్పడం ఇంకా కష్టం.

జోరుగా నడిచినా, గెంతినా నొప్పి లేదనుకున్నాకే మట్టి నేల మీద కొంత నడక, కొంత పరుగు. దూరం పెంచిన వారం వేగం పెంచలేదు. మర్నాడు పొద్దున ఎముక నొక్కి చూసుకుని, సలుపుంటే ఆ రోజు సైకిలే.

డిసెంబర్‌లో ఈవెంట్స్. 800 గడువులోపే అయింది. నా భయమంతా లాంగ్‌జంప్ మీదే, కాలు కోసం ప్రాక్టీస్ బాగా తగ్గించాను మరి. 2.5 మీటర్ల గీత దాటి ఇసుకలో పడ్డాను.