వరండాలో ఆగిన చీటీ

"ఆక్సిజన్ తగ్గుతోంది, ఏం చేయాలి?" అని రాసిన చీటీని, వరండాలో స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడిన కుర్రాడు 3 నిమిషాలు పూర్తయ్యేదాకా కంట్రోల్ రూమ్‌లోకి ఇవ్వలేదు.

విశాఖ ఎంవీపీ కాలనీలోని మా అమ్మాయి పాఠశాలలో అంతరిక్ష క్లబ్‌ను పూర్తిగా పిల్లలే నడుపుతున్నారు. ఈసారి వాళ్లు అంగారక యాత్రను ఆడారు: ఒక గదిలో కొందరు వ్యోమగాములు, పక్క గదిలో మిగతావాళ్లు భూమి మీది కంట్రోల్ రూమ్; మాటలన్నీ చీటీల్లోనే, అవీ నిజంగా సంకేతానికి పట్టేంత ఆలస్యంగా. అంగారకుడు బాగా దగ్గరికి వచ్చినప్పుడు కూడా రేడియో సంకేతం చేరడానికి సుమారు 3 నిమిషాలు, దూరంగా ఉన్నప్పుడు దాదాపు 22 నిమిషాలు పడుతుందన్న విషయాన్ని పాఠంగా చదవడం వేరు, స్నేహితులు పక్క గదిలోనే ఉన్నా మాట సాయం చేయలేక గడియారం వైపు చూస్తూ కూర్చోవడం వేరు.

2023 ఆగస్టు 23న చంద్రుడిపై దిగుతున్న చంద్రయాన్-3 ల్యాండర్ విక్రమ్ కూడా ఆ చివరి నిమిషాల్లో భూమి నుంచి ఆదేశం కోసం ఆగకుండా తన నిర్ణయాలు తానే తీసుకుంది.

జవాబు చేరేలోపే వ్యోమగాములు చర్చించుకుని రెండో ట్యాంకుకు మారిపోయారు. మాస్టారు ఒక్కసారీ కల్పించుకోలేదు, అది నాకెంతో నచ్చింది. వచ్చే శనివారం 22 నిమిషాల ఆలస్యంతో చేస్తారట. నేను తప్పక వెళ్తాను.