కిటికీలోంచి మూడు చెట్లు

పట్టణాల్లో చెట్ల మీద పనిచేసే సెసిల్ కొనైనెన్‌డైక్ 2021లో 3-30-300 అని ఒక లెక్క చెప్పారు. ఇంట్లోంచి చూస్తే కనీసం 3 చెట్లు కనబడాలి, పేటలో 30 శాతం మేర చెట్ల కొమ్మలు గొడుగు పట్టాలి, 300 మీటర్లలోపు పార్కు ఉండాలి. ఆదివారం ఖాళీగా ఉండి మా ఇంటికి ఈ పరీక్ష పెట్టాను.

కిటికీలోంచి రెండే కనబడ్డాయి. మూడోది ఉందిగానీ, కరెంటు తీగలకు అడ్డొస్తోందని తల నరికేశారు. అది చెట్టో స్తంభమో తేల్చుకోలేకపోయాను. పార్కు మ్యాపులో 250 మీటర్లే. తీరా నడిస్తే గేటు అవతలివైపు! ప్రహరీ చుట్టూ తిరిగి వెళ్లేసరికి 700 దాటింది. ఇటువైపు ఒక చిన్న గేటు పెడితే ఏం పోయిందో.

దారిలో ఒక చెట్టుకు మొదలు దాకా సిమెంటు పోసేశారు. వాన నీళ్లు ఇంకడానికి జానెడు మట్టి కూడా వదల్లేదు. వేరు మాత్రం ఆ సిమెంటును పగలగొట్టుకుని పైకి లేచింది.

ఇరుకు ఊళ్లో పచ్చదనానికి చోటెక్కడ అంటారు. ఇళ్లు దగ్గరగా ఉంటేనే నడిచి తిరగగలం, ఊరి బయట పొలాలూ మిగులుతాయి. అందుకే నేను కాంపాక్ట్ సిటీ వైపే. చోటంటారా, రోడ్డు మీదే ఉంది. బార్సిలోనాలో కొన్ని బ్లాకుల్ని కలిపి, లోపలి వీధుల్లో బండ్ల రద్దీ తగ్గించి, ఆ జాగాలో మొక్కలు, బెంచీలు పెట్టారు.

తిరిగొస్తూ మా వీధిలో లెక్కపెట్టాను. ఆగి ఉన్న కార్లు 41, చెట్లు 6. ఆ 41లో ఒకటి నాదే.