ఒకే పలక మీద రెండు పేర్లు

మా అమ్మాయి హాంకాంగ్‌లో ఉద్యోగం చేస్తుంది. 2019 నవంబరు చివర్లో తన దగ్గరికి వెళ్ళినప్పుడు, ఇంట్లో కూర్చుని విసుక్కుంటున్నానని, ఒకప్పుడు పోర్చుగీసు పాలనలో ఉన్న మకావుకు పడవ టిక్కెట్టు కొని చేతిలో పెట్టింది. గంట ప్రయాణం. మకావు అంటే జూదశాలలే అనుకుని బయలుదేరాను. వాటిని బయటి నుంచే చూశాను. అన్ని దీపాలు వెలిగించి అంత విసుగు పుట్టించడం కూడా ఒక విద్యే. ఇక వాటి ఊసెత్తను.

పడవలో నా పక్క సీటులో డెబ్బై దాటిన ఒకావిడ కూర్చున్నారు. మెడలో పేరు రాసిన కార్డు వేలాడుతోంది. ముఖం చూసి గోవా ఆవిడేమో అనుకున్నాను. పడవ సిబ్బందితో గలగలా కాంటొనీసులో, అంటే హాంకాంగ్, మకావుల్లో మాట్లాడే చైనా భాషలో, మాట్లాడేసరికి చైనా ఆవిడే అనుకున్నాను. పడవ ఒక్కసారి కుదిపినప్పుడు శిలువ గుర్తు వేసుకుని ఏదో గొణిగారు. అది పోర్చుగీసు. నేను తేరిపార చూడడం గమనించి నవ్వారు.

"అందరూ ఇంతే. ముందు ముక్కు చూస్తారు, తర్వాత కళ్ళు చూస్తారు, చివరికి ఏ దేశమని అడుగుతారు. కెనడా అంటే ఎవరూ నమ్మరు."

ఆవిడ మకనీస్. 1557లో మకావులో స్థిరపడిన పోర్చుగీసు వాళ్ళు గోవా, మలక్కా, జపాను స్త్రీలను, తర్వాత చైనా స్త్రీలను పెళ్ళాడగా తయారైన జనం. పోర్చుగీసులో వీళ్ళను 'ఫిల్యుస్ ద తెర్ర' అంటారు. అంటే ఈ నేల పిల్లలు. కానీ ఆ పిల్లల్లో ఎక్కువమంది ఇప్పుడు ఆ నేల మీద లేరు. 1840ల్లో హాంకాంగ్ ఇంగ్లీషు వాళ్ళ చేతికి రాగానే గుమాస్తా ఉద్యోగాలకు అక్కడికి కొందరు వెళ్ళారు. అక్కడి నుంచి, మకావు నుంచి, టొరంటో, కాలిఫోర్నియా, సావో పాలో, సిడ్నీ, లిస్బన్. ఎక్కడికి వెళితే అక్కడ 'కాజా ద మకావు', అంటే మకావు ఇల్లు, అని ఒక సంఘం పెట్టుకున్నారు. మూడేళ్ళకోసారి అందరూ మకావులో కలుస్తారు. మెడలో కార్డు అందుకే.

"పుట్టిన ఊరికి కార్డు తగిలించుకుని వస్తున్నాను, చూశారా" అన్నారు.

వాళ్ళ నాన్నగారు ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తా. పేరుకే గుమాస్తా, అసలు పని దుబాసీది. పోర్చుగీసు అధికారి మాట చైనీయులకు, వాళ్ళ మాట అధికారికి చేరవేయడం. 1966 డిసెంబరులో, మకావులోని టైపా దీవిలో చైనీయుల బడి కట్టడానికి అనుమతి దగ్గర మొదలైన తగవు కాల్పుల దాకా పోయింది. ఎనిమిది మంది చనిపోయారు. మరుసటి నెలలో పోర్చుగీసు గవర్నరు క్షమాపణ పత్రం మీద సంతకం పెట్టవలసి వచ్చింది. "ఇటువాళ్ళకూ అటువాళ్ళకూ మా నాన్న మీదే అనుమానం. ఇద్దరి మాటా తెలిసినవాడు కదా" అన్నారావిడ. ఆ ఏడే మూటలు కట్టారట. మొదట హాంకాంగ్, తర్వాత టొరంటో.

రేవులో దిగాక, ఆవిడ రమ్మంటే నేనూ టాక్సీలో కూర్చున్నాను. ఆవిడ "అవెనీదా ద అల్మైదా రిబైరో" అన్నారు. డ్రైవరు అయోమయంగా వెనక్కి తిరిగి చూశాడు. ఆవిడ నాలుక కరుచుకుని "సన్ మా లో" అన్నారు. బండి కదిలింది. ఊళ్ళోకెల్లా పెద్ద వీధి అది. పోర్చుగీసు పేరు ఒక మనిషిది, చైనా పేరుకు అర్థం 'కొత్త రోడ్డు'. ఒకటి మరొకదానికి అనువాదం కాదు. ప్రతి వీధి మూలా తెల్ల పింగాణీ పలక మీద నీలి అక్షరాలు, పైన చైనా పేరు, కింద పోర్చుగీసు పేరు. 1999 డిసెంబరులో ఊరు చైనా చేతికి వెళ్ళాక కూడా పోర్చుగీసు అధికార భాషగానే ఉంది. కింది వరుస చదివేవాళ్ళు మాత్రం వీధిలో నాకు కనిపించలేదు, ఆవిడ తప్ప.

భోజనానికి ఒక చిన్న హోటలుకు తీసుకువెళ్ళారు. గోడ మీద ఆనాటి వంటకాలు చైనా అక్షరాల్లో రాసి ఉన్నాయి. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని చూసి, వడ్డించే ఫిలిప్పీన్స్ అమ్మాయితో "ఏముందమ్మా ఇవాళ?" అని ఇంగ్లీషులో అడిగారు. కాంటొనీసు అంత ధారాళంగా మాట్లాడే మనిషికి ఒక్క అక్షరం చదవడం రాదు! "మాట మా ఆయా నేర్పింది. బడిలో పోర్చుగీసే. చైనా అక్షరం ఎవరు నేర్పుతారు?" అన్నారు. చెన్నైలో మా మేనమామ పిల్లలు గుర్తొచ్చారు. ఇంట్లో చక్కటి తెలుగు మాట్లాడతారు, నేను తెలుగులో ఉత్తరం రాస్తే మాత్రం ఎవరో ఒకరు చదివి వినిపించాలి. (ఆయా పోర్చుగీసు మాటే, మేస్త్రీ, పాదిరి, బొత్తాం లాగే. అది తెలుగులోనూ ఉందంటే ఆవిడ నమ్మలేదు.)

మించి అని ఒకటి వచ్చింది. తెలుగులో ఆ మాటకున్న అర్థం వేరు. ఇది సన్నగా కొట్టిన మాంసం, సోయా సాస్, వేయించిన బంగాళాదుంప ముక్కలు, పైన గుడ్డు. ఆవిడ ఒక్క ముద్ద తిని "మా అమ్మ ఇలా చేయదు" అన్నారు. పక్క బల్ల దగ్గర, మెడలో కార్డులున్న మరో ఇద్దరు కూడా అదే మాట అన్నారని తర్వాత చెప్పారు. రెండోది పంది మాంసం. నేను తినను కానీ, పులుసు ఒక చెంచా నాలుక మీద వేసుకుని ఆగిపోయాను. చింతపండు! దాని వెనకే ఎండు రొయ్యల ఘాటు. అది బలిషావ్, రొయ్యలను ఊరబెట్టి చేసే ముద్ద. పోర్చుగల్‌లో వంటకు చింతపండు ఎక్కడిది? మలక్కా, గోవా ఓడలు ఆ చెంచాలో ఉన్నాయి.

పటువా అనే వాళ్ళ సొంత భాష గురించి అడిగాను. యునెస్కో అది అంతరించే దశలో ఉందని చెప్పిన భాష. ఆవిడకు వాళ్ళ అమ్మమ్మ మాటలు కొన్నే గుర్తున్నాయి. 'కాజా' అంటే ఇల్లు, 'కాజా-కాజా' అంటే ఇళ్ళు. బహువచనానికి మాటను రెండుసార్లు అంటే చాలు. ఆవిడ మనవడికి అదీ రాదు. టొరంటోలో పోర్చుగీసు వాడలో అతడిని చైనీయుడు అంటారట, చైనా స్నేహితులు పోర్చుగీసువాడు అంటారట. "వాడు విసిగిపోయి, ఈ మధ్య అడిగినవాళ్ళకు మించి తినేవాణ్ణని చెబుతున్నాడు" అని నవ్వారు.

సాయంత్రం సెయింట్ పాల్ చర్చి శిథిలాల పక్కన ఒక చిన్న సందుకు నడిపించారు. గులాబీ రంగు, పసుపు రంగు ఇళ్ళు. వరుసగా పెళ్ళికూతుళ్ళు ఫొటోలు తీయించుకుంటున్నారు. పలక మీద కింద 'త్రవేస్సా ద పైషావ్'. పైషావ్ అంటే పోర్చుగీసులో ప్రేమ; క్రీస్తు పడిన శ్రమ కూడా. అమ్మమ్మ ఆ పేరు పలికినప్పుడల్లా శిలువ గుర్తు వేసుకునేదట. ఆయా మాత్రం చైనా పేరు, ప్రేమ సందు, అనేదట. "ఒక్కొక్కరి చేయి ఒకవైపు పట్టుకుని ఈ సందులోనే నడిచేదాన్ని" అన్నారు.

ఫొటోగ్రాఫరు కుర్రాడు మమ్మల్ని జరగమని సైగ చేశాడు. ఆవిడ కాంటొనీసులో ఏదో అన్నారు. అతడు మాండరిన్‌లో, అంటే చైనా అధికార భాషలో, బదులిచ్చాడు. ఆవిడ నా వంక తిరిగి "ఏమన్నాడు?" అని అడిగారు.