ఏ దేశం అని అడిగాక

కొరియాలో రేసిజం ఉంటుందా అని ఇక్కడికి రావాలనుకునే మనవాళ్ళు అడుగుతూనే ఉంటారు. ఉంటుంది. కాకపోతే అమెరికా వార్తలు చూసి ఊహించుకునే రకం కాదు. ముందు కళ్ళు రంగు మీదే పడతాయి కానీ, అసలు లెక్క తేలేది "ఏ దేశం?" అని అడిగాకే. అమెరికా, జర్మనీ అంటే ఒక మర్యాద, వియత్నాం, నేపాల్, బంగ్లాదేశ్ అంటే ఇంకో మర్యాద, మనం ఆ రెండిటి మధ్య ఎక్కడో వేలాడుతుంటాం. టాక్సీలో ఇండియా అని చెబితే చాలు, డ్రైవర్ "మీ అందరికీ పంతొమ్మిదో ఎక్కం దాకా వచ్చటగా" అంటాడు (ఇరవై ఏళ్ళ కిందట ఇండియా పేరు చెప్పి ఇక్కడి పిల్లల చేత అవి బట్టీ పట్టించే పిచ్చి ఒకటి నడిచింది). నాకు పదమూడు దగ్గరే తడబాటు. దేశం పరువు ఎందుకు తీయాలని నవ్వేసి ఊరుకుంటాను.

అదే ఇండియా పేరు ఇల్లు వెతికేటప్పుడు అక్కరకు రాదు. బ్రోకర్ కుర్రాడు మంచివాడే పాపం, నాకు భాష రాదనుకున్నాడేమో, నా ముందే ఓనరమ్మకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు. విదేశీయుడు, కంపెనీ ఉద్యోగం, డిపాజిట్ రెడీగా ఉంది అన్నాడు. ఎక్కడివాడని అడిగింది. ఇండియా. కాసేపు ఉలుకూ పలుకూ లేదు. తర్వాత, కూర వాసన గోడలకి పట్టేస్తే పోదయ్యా, వద్దు, ఇంగ్లిష్ టీచర్లెవరైనా (అంటే తెల్లవాళ్ళన్నమాట) ఉంటే చూడు అంది. అతను ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగి, ఆ ఇల్లు నిన్ననే వేరేవాళ్ళకి ఇచ్చేశారట సార్ అన్నాడు. ఘాటు వాసన వచ్చే కిమ్చీ పచ్చడి కోసం ఇంట్లో విడిగా ఒక ఫ్రిజ్ పెట్టుకునే దేశంలో వాసన గురించి మాట పడాల్సి వచ్చింది!

మన దగ్గర మాత్రం తక్కువా, హైదరాబాద్ టూలెట్ బోర్డుల మీద వెజిటేరియన్స్ ఓన్లీ అని ఉండదా అంటారు. ఉంటుంది. అక్కడ తప్పైంది ఇక్కడ ఒప్పెలా అవుతుంది?

సరే, ఫిర్యాదు చేద్దామంటే ఏ చట్టం కింద చేయాలి? వివక్ష నిరోధక బిల్లు 2007లో మొదటిసారి పార్లమెంటుకు వచ్చింది, చర్చి సంఘాల వ్యతిరేకత ఒకవైపు, ఓట్ల భయం ఒకవైపు, ఇప్పటికీ పాసవలేదు. 2009లో బుచన్‌లో బస్సులో వెళ్తున్న ఒక భారతీయ రీసెర్చ్ ప్రొఫెసర్‌ని ఒకాయన మురికి వెధవా అంటూ తిట్టాడు, వెంట ఉన్న కొరియన్ స్నేహితురాలినీ వదల్లేదు. స్టేషన్‌కి వెళ్తే పోలీసులు తిట్టినాయనతో మర్యాదగా, తిట్లు తిన్నాయనతో ఏకవచనంలో మాట్లాడారు, 1982లో పుట్టి ప్రొఫెసర్ ఎలా అయ్యావని ఆరా కూడా తీశారు. చివరికి కోర్టు 10 లక్షల వాన్ (కొరియా కరెన్సీ) జరిమానా వేసింది. జాతి పేరుతో తిట్టినందుకు శిక్ష పడటం ఈ దేశంలో అదే మొదటిసారి, అదీ మామూలుగా ఎవరినైనా అవమానిస్తే పెట్టే సెక్షన్ కిందే. 2011లో బుసాన్‌లో ఉజ్బెకిస్తాన్‌లో పుట్టి కొరియా పౌరసత్వం తీసుకున్న ఒకావిడను సౌనాలోకి (ఆవిరి స్నానాల చోటు) రానివ్వలేదు, విదేశీయులు వస్తే ఎయిడ్స్ అంటుతుందని కస్టమర్లు భయపడతారట. పోలీసులు వచ్చారు, ఆపడానికి చట్టం లేదని వెళ్ళిపోయారు. పాస్‌పోర్టు మారినా మొహం మారదు కదా.

మనలాంటి ఆఫీసు ఉద్యోగులకు ఇవన్నీ చిరాకులే అనుకోండి. పర్మిట్ల మీద ఫ్యాక్టరీలకూ పొలాలకూ వచ్చేవాళ్ళ గతి వేరు, యజమాని వదిలితే తప్ప వేరే చోటికి మారడం చాలా కష్టం. 2025 జులైలో ఒక వీడియో బయటికొచ్చింది. నాజులో ఇటుకల ఫ్యాక్టరీ, శ్రీలంక కుర్రాడు, అతన్ని ఇటుకల కట్టకు ప్లాస్టిక్‌తో చుట్టి కట్టేసి ఫోర్క్‌లిఫ్ట్‌తో గాల్లోకి లేపారు, తోటివాళ్ళు నవ్వుతున్నారు. అధ్యక్షుడు లీ జే-మ్యుంగ్ స్వయంగా ఖండించాల్సి వచ్చింది. వీడియో లేకపోతే ఎవరికి తెలిసేది?

నా ఇంటి సంగతి మా టీమ్‌లోని కిమ్ గారు తేల్చారు. ఆయనది గిమ్హే కిమ్ వంశం, రెండు వేల ఏళ్ళ కిందట ఇండియా నుంచి ఓడలో వచ్చిన రాకుమారి తమ మూలపుటమ్మ అని వాళ్ళు చెప్పుకుంటారు. "మీరు మా అమ్మమ్మగారి ఊరివాళ్ళు" అని నన్ను ఆటపట్టిస్తుంటారు. ఆయనే ఇంకో ఓనర్‌తో మాట్లాడి ఒప్పించారు. అగ్రిమెంట్ చివర మాత్రం ఆ ఓనర్ ఓ ప్రత్యేక షరతు రాయించుకున్నారు: వాసన పడితే వాల్‌పేపర్ మార్పించే ఖర్చు అద్దెకున్నవాడిదే. సంతకం పెట్టి తాళాలు తీసుకున్నాను.